మొదటి పేపర్ పంపే ముందు: భాషా, సంజ్ఞాన పరిశోధనలో ఏది సర్దుబాటు, ఏది తప్పు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ముందు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. 'అబ్బాయిని పిలిచిన అమ్మాయి', 'అబ్బాయి పిలిచిన అమ్మాయి' లాంటి రెండు రకాల వాక్యాలు చదవడానికి పట్టే సమయం మీద 38 మందితో ప్రయోగం చేశారు. తేడా ఉంటుందనుకున్నారు, రాలేదు. బాగా నెమ్మదిగా చదివిన ఆరుగురిని తీసేస్తే పీ-విలువ (అసలు తేడా లేకపోయినా ఇంత తేడా అనుకోకుండా కనిపించే అవకాశం, 0.05 కన్నా తక్కువైతే తేడా ఉన్నట్టు లెక్క) 0.04కి వచ్చింది. జ్ఞాపకశక్తి పరీక్షలో ఎక్కువ స్కోరు వచ్చినవాళ్లలో మాత్రం తేడా గట్టిగా కనిపించింది. "మొదటి నుంచీ అదే ఊహించామని రాసెయ్, అందరూ చేసేదే" అని ఒక సీనియర్ సలహా ఇచ్చారు. ప్రయోగంతో ఏ సంబంధమూ లేని ఒకరి పేరు రచయితల్లో పెట్టమంటున్నారు. డేటా బయట పెట్టాలా వద్దా తెలియడం లేదు. ఇంతలో వారం రోజుల్లో ప్రచురిస్తామని ఒక జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది. గడువు దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది, వీటిలో ఏది మామూలు, ఏది మోసం అని అడిగారు.

ఇరవై ఏళ్లకు పైగా ఈ రంగంలో ఉన్నాను. చాలా పేపర్లు రివ్యూ చేశాను, కొన్నాళ్లు ఎడిటర్‌గా కూడా పనిచేశాను. మీరు అడిగినవన్నీ ఒకే బరువున్న ప్రశ్నలు కావు. కొన్నింటికి ఒక్క వాక్యం చాలు. ఆ ఆరుగురి సంగతి, "ముందే ఊహించాం" అనే మాట సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. మన రంగంలో ఎక్కువ నష్టం జరిగింది అక్కడే.

ముందు ఆ ఆరుగురు. చదివే సమయాలు కొలిచే ప్రయోగంలో కొందరి డేటాను పక్కన పెట్టడం అందరూ చేసేదే, అందులో తప్పేమీ లేదు. ఒకరు మధ్యలో ఫోన్ చూసుకుంటారు, ఒకరు వాక్యం అర్థం చేసుకోకుండానే బటన్ నొక్కుకుంటూ పోతారు. అలాంటి డేటా ఉంచితే అసలు విషయం కనబడదు. చూడాల్సింది ఆ నియమం ఎప్పుడు పుట్టిందనేది. "ప్రశ్నలకు 80 శాతం కన్నా తక్కువ సరైన జవాబులిచ్చినవాళ్లను తీసేస్తాం" అని డేటా చూడకముందే రాసి పెట్టుకుంటే అది నియమం. ఫలితం రాలేదని చూశాక, ఎవరిని తీస్తే వస్తుందో వెతికితే, పైకి అదే వాక్యం రాసినా అది నియమం కాదు. ఎవరో ఒకరిని ఏదో ఒక కారణంతో తీసేసే వీలు ఎప్పుడూ ఉంటుంది. 38 మందిలో ఆరుగురు అంటే దాదాపు ఆరో వంతు, చిన్న సంఖ్య కాదు.

ఇలాంటి చిన్న చిన్న వెసులుబాట్లు ఎంత దూరం తీసుకెళ్తాయో సిమన్స్, నెల్సన్, సైమన్‌సన్ అనే ముగ్గురు 2011లో లెక్కగట్టి చూపించారు. అసలు ఏ తేడా లేని చోట కూడా తేడా ఉందని పొరబడే అవకాశం 5 శాతమే అనుకుంటూ ఉంటాం. ఫలితం చూస్తూ ఇంకొంతమందిని చేర్చుకోవడం, రెండు కొలతల్లో నచ్చినది ఎంచుకోవడం, పోల్చే పరిస్థితుల్లో (కండిషన్లలో) ఒకదాన్ని వదిలేయడం, ఆడ-మగ తేడాను లెక్కలోకి తేవడం, ఈ నాలుగూ కలిపితే అది దాదాపు 61 శాతానికి చేరింది. ఇందులో ఎవరూ ఒక్క అంకె కూడా కల్పించలేదు. ప్రతి అడుగూ విడిగా చూస్తే సమంజసంగానే ఉంటుంది. అందుకే మీ సీనియర్‌ను చెడ్డవారని నేను అనుకోవడం లేదు. ఆయనకు నేర్పినవాళ్లు కూడా అలాగే చేసి ఉంటారు, మంచి మనసుతోనే నేర్పి ఉంటారు.

మరి మీరు ఏం చేయాలి? ఆరుగురితో ఒక విశ్లేషణ, ఆరుగురు లేకుండా ఒక విశ్లేషణ, రెండూ పేపర్‌లో పెట్టండి. అందరినీ కలిపి చేసినదే ముందు రాయండి, ప్రధాన ఫలితం అదే. రెండోది చెప్పేటప్పుడు ఇలా ఉంటే చాలు: "డేటా చూసిన తర్వాత, సగటు చదివే సమయం మిగతావారి కన్నా బాగా ఎక్కువగా ఉన్న ఆరుగురిని మినహాయించి మళ్లీ విశ్లేషించాం. ఈ నియమాన్ని ముందుగా నిర్ణయించలేదు. ఈ విశ్లేషణలో తేడా కనిపించింది, పీ-విలువ 0.04." ఇంతే. ఈ మూడు వాక్యాలు రాయడానికి భయపడేవాళ్లను చాలామందిని చూశాను. రివ్యూయర్‌గా నా అనుభవం వేరు. ఇలా రాసినవాళ్ల మిగతా మాటలను కూడా నేను నమ్మకంతో చదువుతాను. మెథడ్స్‌లో ఒక్క మినహాయింపూ కనబడని, పీ-విలువలన్నీ 0.03కీ 0.05కీ మధ్యే ఉన్న పేపర్ వస్తే నాకు అనుమానం మొదలవుతుంది.

ఇక జ్ఞాపకశక్తి ఎక్కువున్నవాళ్లలో కనిపించిన తేడా. అది నిజం కావచ్చు, మీ ప్రయోగంలో అన్నిటికన్నా విలువైన విషయం అదే కావచ్చు కూడా. పారేయకండి. కానీ "మా ఊహ ప్రకారం" అని రాయవద్దు. ఫలితం తెలిశాక పుట్టిన ఊహను ముందే ఉన్నట్టు రాయడం గురించి నార్బర్ట్ కెర్ 1998లోనే విపులంగా రాశారు, దానికి హార్కింగ్ అని పేరు కూడా పెట్టారు. దాన్ని చాలామంది కథనాన్ని చక్కగా అల్లడం అనుకుంటారు. నాకు అది గతం గురించి చెప్పే అబద్ధం. ముందే ఊహించి పరీక్షకు పెట్టిన మాట తప్పు అయ్యే ప్రమాదానికి ఎదురు నిలిచింది కాబట్టి దానికి బరువు ఉంటుంది. డేటాలో దొరికిన మాట ఆ ప్రమాదం ఇంకా ఎదుర్కోలేదు. రెండింటినీ ఒకే మాటలతో చెప్తే చదివేవారికి ఆ తేడా తెలిసే దారే లేదు.

ఆ నష్టం మీ దగ్గర ఆగదు. మీ పేపర్ చదివి ఇంకెక్కడో ఒక విద్యార్థి తన మూడేళ్ల పనిని ఆ ఫలితం మీద కట్టుకుంటారు. ఆమెకు ఫలితం రాదు. తన ప్రయోగంలోనే లోపం ఉందనుకుని మళ్లీ చేస్తారు, మళ్లీ రాదు. అలాంటివాళ్లు ఇద్దరు నా దగ్గర పనిచేశారు. ఒకరు పరిశోధనే వదిలేశారు. వాళ్లిద్దరూ ఆధారం చేసుకున్న పేపర్‌లోని "ముందే ఊహించాం" అనే మాట ఎలా పుట్టిందో ఆ పేపర్ రాసినవారిలో ఒకరే తర్వాత నాతో ఒప్పుకున్నారు. ఆ రోజు నుంచి ఈ విషయంలో నేను మెత్తగా ఉండలేకపోతున్నాను.

మన రంగంలోనే దీనికి పెద్ద ఉదాహరణలున్నాయి. 2005లో డిలాంగ్, అర్‌బాక్, కుటాస్ మెదడు తరంగాలు కొలిచి ఒక అందమైన ఫలితం ప్రకటించారు. ఇంగ్లీషులో రాబోయే పదం అచ్చుతో మొదలైతే 'ఆన్', హల్లుతో మొదలైతే 'ఎ' వస్తుంది కదా. గాలి బాగా వీస్తోందని చెప్పి, పిల్లవాడు ఎగరేయడానికి వెళ్లాడంటే మనసు 'కైట్' (గాలిపటం) అనే పదాన్ని ఊహిస్తుంది. ఆ ఊహకు సరిపడని 'ఆన్' రాగానే, అసలు పదం రాకముందే, మెదడు స్పందిస్తోందని వాళ్లు చెప్పారు. మనం ముందున్న పదాన్ని దాని శబ్దంతో సహా ఊహిస్తామనడానికి దీన్ని ఎంతోమంది ఆధారంగా చూపారు. 2018లో న్యూలాండ్, మరికొందరు తొమ్మిది ల్యాబుల్లో 334 మందితో మళ్లీ చేశారు. నామవాచకం దగ్గర ప్రభావం గట్టిగా వచ్చింది, 'ఎ', 'ఆన్' దగ్గర మాత్రం రాలేదు. ఇందులో ఎవరూ మోసం చేశారని కాదు. చిన్న ప్రభావాన్ని కొద్దిమందితో కొలిస్తే ఏం జరుగుతుందో ఇది చూపిస్తుంది. అలాంటి చోట గీత దాటి ప్రచురణకు వచ్చేవి, యాదృచ్ఛికంగా అసలు కన్నా పెద్దవిగా కనిపించిన ఫలితాలే. మీ 38 మందితో వచ్చిన 0.04 కూడా అలాంటిదే కావచ్చు.

ఇంకో ఉదాహరణ నాకు ఇష్టమైనది, అందులో మనుషులు ప్రవర్తించిన తీరు వల్ల. వాక్యంలో చెప్పిన కదలిక దిశ, జవాబు బటన్ నొక్కడానికి చేయి కదలాల్సిన దిశ ఒకటైతే జవాబు త్వరగా వస్తుందని గ్లెన్‌బర్గ్, కాష్చాక్ 2002లో రాశారు. భాష అర్థం కావడంలో శరీరానికి పాత్ర ఉందనే వాదానికి అది మూలస్తంభంలా నిలిచింది. ఆ తర్వాత చాలా ల్యాబులు కలిసి, పద్ధతినంతా ముందే నమోదు చేసి, మళ్లీ చేశాయి. ప్రభావం కనబడలేదు. ఆ పేపర్ రచయితల జాబితాలో మూల ప్రయోగం చేసినవాళ్లిద్దరూ ఉన్నారు. తమ పేరు తెచ్చిన ఫలితాన్ని తామే పరీక్షకు పెట్టి, రానిది రాలేదని సంతకం చేశారు. పరిశోధకుడి గౌరవం అంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే.

మీరు అడగలేదు కానీ, వాక్యాల సంఖ్య కూడా చూసుకోండి. 38 మంది గురించి రాశారు, ఎన్ని వాక్యాలు వాడారో రాయలేదు. మనం మనుషుల నుంచి ఎలా నమూనా తీస్తామో భాష నుంచి కూడా అలాగే తీస్తాం. పన్నెండో పదహారో వాక్యాలే వాడి ఉంటే, వాటిలో రెండు మూడు, మామూలుగా వాడని పదాల వల్లో, పొడవు వల్లో నెమ్మదిగా చదివించి ఉండవచ్చు. అప్పుడు మీకొచ్చిన తేడా వాక్య నిర్మాణానిది కాదు, ఆ రెండు మూడు వాక్యాలది. హెర్బర్ట్ క్లార్క్ ఈ పొరపాటును 1973లోనే ఎత్తి చూపారు. ఇప్పుడు మిక్స్‌డ్ మోడల్స్ అనే గణాంక పద్ధతితో మనుషుల మధ్య తేడాను, వాక్యాల మధ్య తేడాను ఒకేసారి లెక్కలోకి తీసుకోవచ్చు. ఇదీ నైతికతకు సంబంధించిన విషయమే అంటాను. ఒక మోడల్ కుదరలేదని ఇంకోటి, అదీ కుదరలేదని మరోటి వేసి, చివరికి అనుకూలంగా వచ్చినదొక్కటే రాస్తే మళ్లీ ఆ ఆరుగురి కథే. ఏ క్రమంలో మోడల్‌ను సరళం చేశారో రెండు వాక్యాల్లో రాయండి.

తేడా రాలేదని రాస్తే ఎవరు వేస్తారనే భయం మీ ప్రశ్నలో కనిపిస్తోంది. అది ఉత్తుత్తి భయం కాదు, దానికి ఆధారం ఉంది. రెండు భాషలు తెలిసినవారికి ఏకాగ్రత, నియంత్రణ మెరుగ్గా ఉంటాయనే వాదం మీద డి బ్రూయిన్, ట్రెకాని, డెల్లా సాలా 2015లో ఒక పని చేశారు. 1999 నుంచి 2012 వరకు సదస్సుల్లో సమర్పించిన 104 సారాంశాలు తీసుకుని, వాటిలో ఏవి తర్వాత జర్నళ్లలోకి వచ్చాయో వెతికారు. వాదాన్ని పూర్తిగా సమర్థించినవి ఎక్కువగా వచ్చాయి, వ్యతిరేకించినవి అన్నిటికన్నా తక్కువగా వచ్చాయి. అంటే సదస్సుకు వెళ్లినవారు చూసిన శాస్త్రం వేరు, జర్నల్ మాత్రమే చదివేవారు చూసిన శాస్త్రం వేరు.

దీనికి నాకు తెలిసిన మంచి మందు రిజిస్టర్డ్ రిపోర్ట్. ప్రశ్న, పద్ధతి, విశ్లేషణ రాసి డేటా సేకరించక ముందే జర్నల్‌కు పంపుతారు. రివ్యూ అప్పుడే జరుగుతుంది. పద్ధతి బాగుందనుకుంటే ఫలితం ఏదైనా వేస్తామని జర్నల్ మాటిస్తుంది. 2013లో కార్టెక్స్ అనే జర్నల్‌లో క్రిస్ ఛాంబర్స్ చొరవతో ఇది మొదలైంది, ఇప్పుడు వందల జర్నళ్లలో ఉంది. షీల్, షైయెన్, లేకెన్స్ 2021లో పోల్చి చూస్తే, మనస్తత్వ శాస్త్రంలో మామూలు పేపర్లలో 96 శాతం మొదటి ఊహ నిజమైందని చెప్పాయి. రిజిస్టర్డ్ రిపోర్ట్‌లలో అది 44 శాతమే. ఆ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీలో ఎన్ని ప్రయోగాలు డ్రాయర్లలో ఉండిపోయాయో ఆలోచించండి. ఈసారికి మీకు ఆ అవకాశం దాటిపోయింది. జ్ఞాపకశక్తి ఫలితాన్ని కొత్తవారితో పరీక్షించే రెండో ప్రయోగానికి మాత్రం ఇది సరిగ్గా సరిపోతుంది. ఈ పేపర్‌లో దాన్ని డేటాలో దొరికిన విషయంగా చెప్పి, ఆ ప్రయోగాన్ని రిజిస్టర్డ్ రిపోర్ట్‌గా పంపండి. అంత తీరిక లేకపోతే కనీసం ప్రీరిజిస్ట్రేషన్ చేయండి, అంటే ఊహను, విశ్లేషణ ప్రణాళికను డేటా సేకరించక ముందే నమోదు చేయండి. ఒక మధ్యాహ్నం పని అది.

పొరపాటుకూ మోసానికీ ఉన్న తేడా కూడా అడిగారు కాబట్టి నాకు జరిగినది చెప్తాను. ఒక పేపర్ అచ్చయిన తర్వాత, అదే వాక్యాలతో కొత్త ప్రయోగం తయారు చేస్తుంటే, నాలుగు వాక్య జాబితాల్లో ఒకదానిలో రెండు కండిషన్ల పేర్లు తారుమారై ఉన్నాయని కనిపించింది. కడుపులో తిప్పినట్టయింది. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు సహరచయితలకు చెప్పి, సరిచేసి మళ్లీ లెక్కలు వేసి, ఎడిటర్‌కు రాశాను. ప్రభావం దాదాపు మూడో వంతు తగ్గింది, దిశ మారలేదు. సవరణ ప్రకటన వచ్చింది. నన్ను ఎవరూ నిందించలేదు. ఆ రెండు రోజుల మౌనం రెండేళ్లయి ఉంటే అప్పుడది పొరపాటుగా మిగిలేది కాదు. పొరపాట్లు అందరి పేపర్లలోనూ ఉంటాయి. నాయ్‌టెన్, ఆమె సహచరులు 2016లో మనస్తత్వ శాస్త్ర పేపర్లలోని అంకెలను కంప్యూటర్‌తో సరిచూస్తే, గణాంక పరీక్షలున్న పేపర్లలో దాదాపు సగంలో కనీసం ఒక పీ-విలువ దాని పక్కనున్న అంకెలతో పొసగలేదు. ఎనిమిదింటిలో ఒకదానిలో తీర్మానమే మారేంత తేడా ఉంది. ఆ సరిచూసే ప్రోగ్రామ్ పేరు స్టాట్‌చెక్, ఉచితం. పంపే ముందు మీ పేపర్ మీద ఒకసారి నడపండి.

అసలైన మోసానికి మన రంగంలో అందరికీ తెలిసిన పేరు మార్క్ హౌసర్. కోతులు శబ్దాల వరుసలోని నియమాన్ని పసిపిల్లల్లాగే పట్టుకోగలవా అనే ప్రశ్న మీద హార్వర్డ్‌లో పనిచేసేవారు. 2002లో కాగ్నిషన్ జర్నల్‌లో వచ్చిన ఆయన పేపర్‌ను 2010లో వెనక్కి తీసుకున్నారు. 2011లో ఆయన ఉద్యోగం వదిలారు. ఆ పేపర్‌లోని ఒక గ్రాఫ్‌లో సగం డేటా కల్పితమని అమెరికా ప్రభుత్వ సంస్థ 2012లో తేల్చింది. అనుమానం మొదట వచ్చింది ఆయన ల్యాబ్‌లోని చిన్నవాళ్లకే. వాళ్లు వీడియోలు మళ్లీ చూస్తే, శబ్దాల వరుస మారగానే కోతి తల తిప్పిందని ఆయన రాసుకున్నవి వాళ్లకు కనిపించలేదు. నెదర్లాండ్స్‌కు చెందిన సామాజిక మనస్తత్వవేత్త డీడెరిక్ స్టాపెల్ విషయంలో కూడా 2011లో బయటపెట్టింది యువ పరిశోధకులే. ఆయనవి 58 పేపర్లు రద్దయ్యాయి. మీలాంటివాళ్లకు ధైర్యం వస్తుందని ఇది చెప్తున్నాను. పని కోణంలో పాఠం కూడా ఉంది. కోతి తల తిప్పిందా లేదా, పిల్లవాడు ఆ పదం పలికాడా లేదా లాంటివి మనిషి కంటితోనో చెవితోనో నిర్ణయించే డేటా ఉంటే, ఏది ఏ కండిషనో తెలియని ఇద్దరు విడివిడిగా చూసి నమోదు చేయాలి, వాళ్ల మధ్య ఏకీభావం ఎంతో రాయాలి. ఆశ పడేవాడి కన్ను నమ్మదగ్గది కాదు, ఎంత నిజాయితీపరుడిదైనా.

డేటా గురించి. పెట్టండి. అడిగితే ఇస్తాం అనే మాటకు విలువ లేదని విచెర్ట్స్ బృందం 2006లో చూపించింది. 141 పేపర్ల రచయితలను అడిగితే 73 శాతం ఇవ్వలేదు. పెడితే సరిపోదు, పక్కవాడు వాడగలిగేలా పెట్టాలి. కాగ్నిషన్ జర్నల్ 2015లో డేటా తప్పనిసరి చేసిన తర్వాత హార్డ్‌విక్ బృందం అక్కడి 35 పేపర్ల అంకెలను మళ్లీ లెక్కగట్టింది. రచయితల సాయం లేకుండా సరిపోయినవి 11, సాయంతో సరిపోయినవి ఇంకో 11. మిగతా 13లో కనీసం ఒక అంకె సాయం తీసుకున్నా రాలేదు. కాబట్టి ప్రతి కాలమ్‌కు అర్థం రాయండి, విశ్లేషణకు వాడిన ప్రోగ్రామ్ కోడ్ కలపండి. ఆరు నెలల తర్వాత ఆ ఫైల్ తెరవబోయేది ముందు మీరే.

కానీ భాష డేటా అన్నీ బహిరంగంగా పెట్టేవి కావు. చదివే సమయాలు వరుస సంఖ్యలతో పెట్టవచ్చు, పేర్లు తీసేస్తే చాలావరకు ఇబ్బంది లేదు. గొంతు రికార్డింగ్ అలా కాదు. పేరు తీసేసినా గొంతు మనిషిని పట్టిస్తుంది. కొన్ని వందల మందే మాట్లాడే భాషలో అయితే రాతలో పెట్టిన చిన్న కథ కూడా ఎవరు చెప్పారో ఆ సమాజంలో అందరికీ తెలిసిపోతుంది. డేటా ఎవరికి, ఎంతవరకు చేరుతుందో సమ్మతి పత్రంలో ముందే విడివిడిగా అడగాలి: ప్రయోగంలో పాల్గొనడానికి ఒకటి, రికార్డింగ్ భద్రపరచడానికి ఒకటి, ఇతరులకు ఇవ్వడానికి ఒకటి. ముందు అడగకపోతే ఇప్పుడు పెట్టే హక్కు మీకు లేదు, జర్నల్ అడిగినా లేదు. ఆ కారణం రాస్తే మంచి జర్నళ్లు ఒప్పుకుంటాయి.

ఈ నియమాలు ఊరికే వచ్చిన కాగితాలు కావు. 1939లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన వెండెల్ జాన్సన్ పర్యవేక్షణలో ఒక విద్యార్థిని అనాథాశ్రమంలోని 22 మంది పిల్లలతో ప్రయోగం చేసింది. నత్తి లేని కొందరు పిల్లలకు కూడా మీకు నత్తి మొదలవుతోందని, తప్పులు లేకుండా మాట్లాడలేకపోతే నోరు విప్పవద్దని చెప్పారు. ఆ పిల్లలు మాట్లాడటానికే భయపడ్డారు. పిల్లలకు ఏం చేస్తున్నారో చెప్పలేదు, ఫలితాలు జర్నల్‌లో రాలేదు, సిద్ధాంత గ్రంథంగా లైబ్రరీలో ఉండిపోయింది. 2001లో పత్రికలో వచ్చాక విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది. 2007లో రాష్ట్ర ప్రభుత్వం 9 లక్షల 25 వేల డాలర్లకు రాజీ పడింది. అప్పటికి ఆ పిల్లలు ముసలివాళ్లు. జాన్సన్ దుర్మార్గుడేమీ కాదు, ఆయనకే చిన్నప్పటి నుంచి నత్తి, దానికి కారణం కనుక్కోవాలని తపన పడ్డాడు. ఎథిక్స్ కమిటీ అనుమతి సంఖ్యను పేపర్‌లో రాసేటప్పుడు నాకు ప్రతిసారీ ఆ పిల్లలు గుర్తొస్తారు.

రచయితల పేర్ల విషయం సూటిగా చెప్తాను. ప్రయోగం రూపకల్పనలోనో, డేటాలోనో, విశ్లేషణలోనో నిజమైన పాత్ర ఉండాలి, రాతలోనో సవరణలోనో చేయి ఉండాలి, చివరి ప్రతిని ఆమోదించాలి, తప్పు వస్తే జవాబుదారీ కావాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లేకపోయినా రచయిత కారు. డబ్బు ఇప్పించినవారికి, గది ఇచ్చినవారికి కృతజ్ఞతలు చెప్తే సరిపోతుంది. ఒత్తిడిని మీరొక్కరే ఎదుర్కోలేరని తెలుసు. అందుకే ఒక చిట్కా: చాలా జర్నళ్లు ఇప్పుడు క్రెడిట్ అనే పద్ధతిలో 14 రకాల పాత్రల్లో ఎవరు ఏం చేశారో అడుగుతాయి. ఆ ఫారం తీసుకెళ్లి "వీరి పేరు ఎదురుగా ఏం రాయాలండీ?" అని మర్యాదగా అడగండి. గొడవ లేకుండా ఆ పేరు పోవడం నేను మూడుసార్లు చూశాను. దీనికి వ్యతిరేక దిశలో జరిగే అన్యాయం కూడా చూసుకోండి. వాక్యాలు తయారు చేసి, మనుషులను పిలిచి, నెలల తరబడి డేటా సేకరించిన జూనియర్ పేరు కింద ఎక్కడో కృతజ్ఞతల్లో ఉండకూడదు.

వారంలో వేస్తామన్న మెయిల్‌ను తీసేయండి. మన రంగంలో నిజమైన రివ్యూకు నెలలు పడుతుంది. 2013లో జాన్ బొహానన్ కావాలని తప్పులు పెట్టిన పేపర్‌ను 304 జర్నళ్లకు పంపితే 157 ఒప్పుకున్నాయి. మీకు తెలిసినవారిలో ఎవరైనా ఆ జర్నల్ చదువుతారా, అందులోని ఎడిటర్లకు తాము ఎడిటర్లమని తెలుసా, ఈ రెండూ చూడండి. అలాగని రుసుము అడిగే ప్రతి జర్నల్ మోసం కాదు, పెద్ద పేరున్న ప్రతి సంస్థా పవిత్రం కాదు. 2015లో లింగ్వా జర్నల్ ఎడిటర్లంతా ఖర్చు, హక్కుల విషయంలో ప్రచురణ సంస్థతో పొసగక రాజీనామా చేసి గ్లోసా అనే కొత్త జర్నల్ పెట్టారు. 2023లో న్యూరోఇమేజ్ ఎడిటర్లు కూడా అదే చేశారు.

ఒకే పేపర్‌ను ఒకేసారి రెండు జర్నళ్లకు పంపవద్దు. మీ పాత సదస్సు వ్యాసంలోని పేరాలు వాడుకుంటే ఆ సంగతి చెప్పండి. భాష సరిదిద్దుకోవడానికి కృత్రిమ మేధ సాధనం వాడితే జర్నల్ నియమం చూసి రాయండి. దాన్ని రచయితగా పెట్టకూడదని ప్రచురణ నైతికత సంస్థ కోప్ 2023లో స్పష్టంగా చెప్పింది, ఎందుకంటే అది బాధ్యత తీసుకోలేదు. అది ఇచ్చిన ప్రతి ఆధార గ్రంథాన్నీ తెరిచి చూడండి. లేని పేపర్లను ఉదహరించిన ప్రతులు నాకు రివ్యూకు వచ్చాయి, అవి చదవకుండానే వెనక్కి పంపాల్సి వచ్చింది.

శీర్షిక ఒకసారి మార్చండి. "మనసు వాక్యాలను ఎలా అర్థం చేసుకుంటుంది" అని పెట్టానన్నారు. మీరు చూసింది ఒక భాష, ఒక విశ్వవిద్యాలయంలోని 38 మంది యువకులు. ప్రపంచంలో దాదాపు ఏడు వేల భాషలుంటే, పిల్లలు భాష నేర్చుకోవడం మీద వచ్చే ప్రధాన జర్నళ్లలో కనిపించినవి సుమారు 1.5 శాతమేనని కిడ్, గార్సియా 2022లో రాశారు. ఇంగ్లీషు మీద చేసినవాళ్లు భాష పేరు రాయకుండా మానవ భాష అంటారు, మిగతా భాషల మీద చేసినవాళ్లను మాత్రం ఆ భాష పేరు శీర్షికలో పెట్టమంటారు. ఈ అలవాటు నాకు బాధ కలిగిస్తుంది. దానికి విరుగుడుగా మనం కూడా దాచడం సరికాదు. భాష పేరు పెట్టండి, గర్వంగా పెట్టండి.

ఇక మీ గైడ్‌తో మాట్లాడటం. సీనియర్ చెప్పిన దారి గురించి ఫిర్యాదుగా మొదలుపెట్టవద్దు. ఒక కాగితం మీద అందరితో వచ్చిన ఫలితం, ఆరుగురు లేకుండా వచ్చిన ఫలితం, జ్ఞాపకశక్తి విశ్లేషణ, మూడూ పక్కపక్కన వేసి తీసుకెళ్లండి. "మొదటిది ప్రధానంగా, మిగతా రెండూ తర్వాత చేసినవిగా రాద్దామనుకుంటున్నాను, రెండో ప్రయోగానికి ప్రణాళిక ఇదిగో" అని చెప్పండి. ప్రణాళిక చేతిలో ఉన్న విద్యార్థికి కాదనడం కష్టం. అయినా వద్దంటే, ఆ మాట జరిగిన తేదీ, మీరు చేసిన విశ్లేషణల ఫైళ్లు మార్చకుండా దాచుకోండి, మీ సంస్థలో పరిశోధన నైతికత చూసే బాధ్యులు ఎవరో కనుక్కుని ముందు సలహా మాత్రమే అడగండి. గడువు రెండు నెలలు జరపమని అడగడం కూడా సాధ్యమే, చాలామంది అడగకుండానే అసాధ్యం అనుకుంటారు. మినహాయింపుల పేరా, వాక్యాల జాబితా సిద్ధమయ్యాక పంపండి, చదివి చెప్తాను.